ఎప్వర్తు ఇంటి బడి

చదువవలసిన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 6:4–9, సామెతలు 22:6, లూకా 15:11–32, 2 తిమోతి 1:3–5, 3:14–15



ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయములో మోషే తలిదండ్రులకు ఒక పని అప్పగించాడు. దేవుని మాటలు పిల్లలకు ఎక్కడ నేర్పాలో, ఎప్పుడు నేర్పాలో కూడ అక్కడే చెప్పాడు. ఆ వచనములు మెల్లగా చదివి చూడండి. ఇల్లు ఉన్నది, నడిచే దారి ఉన్నది, పడుకొనే వేళ, లేచే వేళ ఉన్నవి. ద్వారబంధము కూడ ఉన్నది. యాజకుని పేరు మాత్రము లేదు. మనమేమో ఈ పనిని వారానికి ఒక గంట జరిగే సండే స్కూలుకు అప్పగించి, ఆ టీచరమ్మగారు సరిగా చెప్పడము లేదని సణుగుతూ ఉంటాము.

ఈ మాటలను అక్షరాల తీసుకొని పిల్లలకు చదువంతా ఇంటిలోనే చెప్పే క్రైస్తవ కుటుంబములు నేడు అమెరికాలో చాలా ఉన్నవి. ఆరుగురు, ఎనిమిదిమంది పిల్లలున్న ఇండ్లలో తల్లే ఉపాధ్యాయురాలు, వంటగది బల్లే బడి. అక్కడ ఉన్న మన బంధువుల ద్వారా ఇటువంటి కుటుంబముల సంగతి విని, ఇది మంచిదా కాదా అని మనవారు అడుగుతుంటారు. ఇప్పటి కుటుంబములను చూసి జవాబు చెప్పడము కష్టము, ఎందుకంటే ఆ పిల్లలింకా పెరుగుతున్నారు. అందుచేత పిల్లలు పుట్టినది మొదలు పోయేదాకా ఏమైనారో తెలిసిన ఒక పాత ఇంటిని ఈ పాఠములో చూద్దాము. అది ఇంగ్లాండులోని లింకన్‌షైరులో ఎప్వర్తు అనే ఊరి పాదిరిగారి ఇల్లు. ఆ ఇంటి తల్లి పేరు సూసన్నా వెస్లీ. సూసన్నమ్మ అనే పేరు మన సంఘములకు కొత్తది కాదు గనుక ఇక్కడ సూసన్నమ్మగారనే పిలుస్తాను.

ఆమె 1669లో లండనులో పుట్టారు. తండ్రి శామ్యూల్ ఆనెస్లీగారు రాజ్యసంఘ నియమములకు ఒప్పుకోనందున 1662లో తన సంఘ సేవ పోగొట్టుకొన్న బోధకుడు. ఆయనకు ఈమె ఇరవై అయిదవ సంతానమని చెబుతారు. తండ్రి అంత నష్టపడి విడిచిన రాజ్యసంఘములోనికే ఈ అమ్మాయి పదమూడేండ్ల వయసులో సొంతగా ఆలోచించుకొని తిరిగి వెళ్లింది! 1688లో ఆ సంఘ సేవకుడైన శామ్యూల్ వెస్లీగారిని పెండ్లాడింది. బాప్తిస్మము విషయములో వారికీ మనకూ భేదమున్నది. అది వేరొక పాఠము.

వారికి 19 మంది పిల్లలు పుట్టారు. తొమ్మిదిమంది పసితనములోనే పోయారు. మిగిలిన పదిమందిలో ఏడుగురు ఆడపిల్లలు, ముగ్గురు మగపిల్లలు. ఆ ముగ్గురిలో ఒకరు జాన్ వెస్లీ. ఇంకొకరు చార్లెస్ వెస్లీ; క్రిస్మసుకు మనము పాడే దూతల పాటకు మూలమైన ఇంగ్లీషు కీర్తన ఆయన వ్రాసినదే. ఈ ఇద్దరి పేర్ల వెలుగులో ఆ ఏడుగురు అక్కచెల్లెండ్ర సంగతి మనకు కనబడదు. ఈ పాఠములో వారి సంగతే ఎక్కువ కావాలి.

ఇల్లు సుఖముగా నడిచిన ఇల్లు కాదు. పాదిరిగారికి అప్పులు ఎక్కువ, లౌక్యము తక్కువ. 1705లో సుమారు 30 పౌన్ల అప్పు తీర్చలేక లింకను కోటలోని చెరసాలలో పడ్డారు. సూసన్నమ్మగారు తన ఉంగరములు పంపితే ఆయన తిరిగి పంపివేశారు. ఎప్పుడైనా రొట్టెకు కరువు వచ్చిందా అని యార్కు ఆర్చిబిషప్పుగారు ఆమెను అడిగారు. పూర్తిగా లేకపోవడము జరగలేదు గాని, దొరికే ముందు పడే ఆందోళన, దొరికిన తరువాత దాని వెల తీర్చే ఆందోళన కలిసి తినే రొట్టె రుచిని పోగొట్టాయి అన్నట్లుగా ఆమె జవాబు చెప్పారు. నెలాఖరులో కిరాణా కొట్టు ఖాతా చూసుకొనే తల్లులకు ఈ మాట వివరించనక్కరలేదు.

ఇక బడి సంగతి. పిల్లలను ఎలా పెంచారో వ్రాసిపెట్టమని జాన్ చాలాసార్లు బ్రతిమాలగా 1732 జూలైలో ఆమె ఒక పెద్ద ఉత్తరము వ్రాశారు. మనకు తెలిసినదంతా ఎక్కువగా అందులోనిదే. బడి ఉదయము 9 నుండి 12 వరకు, మధ్యాహ్నము 2 నుండి 5 వరకు. ఆ వేళలో గట్టిగా మాట్లాడడము, ఆడుకొనడము, పని లేకుండా లేచి తిరగడము ఉండకూడదు. సాయంత్రము కుటుంబ ప్రార్థన, భోజనము. ఏడింటికి పనిమనిషి చిన్నవారితో మొదలుపెట్టి స్నానములు చేయించేది, ఎనిమిదికి అందరూ పడకలలో ఉండాలి. మాటలు వచ్చిన బిడ్డకు మొదట నేర్పినది ప్రభువు ప్రార్థన.

చదువు అయిదవ పుట్టినరోజు దాటిన మరునాడు మొదలయ్యేది. ఆ ముందురోజే ఇల్లంతా సర్దుకొని, ఎవరి పని వారికి చెప్పి, ఆ ఆరు గంటలు ఎవరూ గదిలోకి రాకుండా ఏర్పాటు. ఒక్క రోజులో అక్షరములన్నీ రావాలి. ఇద్దరు ఆడపిల్లలకు, మేరీకీ ఆన్‌కూ, ఒకటిన్నర రోజు పట్టింది. అందుకు వారిని మందమతులనుకొన్నానని, తరువాత ఆ అభిప్రాయము మార్చుకొన్నానని ఆమె వ్రాసుకొన్నారు. (ఒకటిన్నర రోజుకే మందమతులైతే మన పిల్లలను ఏమనాలి!) అక్షరములు రాగానే ప్రైమరు పుస్తకము లేదు, బొమ్మల పుస్తకము లేదు. ఆదికాండము మొదటి అధ్యాయము మొదటి వచనము. అది కూడబలుక్కొని, తడబడకుండ వచ్చేదాక మరల మరల చదివి, అప్పుడు రెండవ వచనము. పెద్దకొడుకు శామ్యూల్‌కు నాలుగు దాటేదాక మాటలే రాలేదు. ఫిబ్రవరిలో అతనికి అయిదేండ్లు నిండాయి. పెంతెకొస్తు పండుగ నాటికి ఒక అధ్యాయము చక్కగా చదవగలిగాడు.

ఆమె పెట్టుకొన్న ఇంటి కట్టడలలో కొన్ని నాకు బహు విలువైనవిగా కనబడుతున్నవి. దెబ్బలకు భయపడి పిల్లలు అబద్ధము చెబుతారని ఆమె గమనించారు. అందుచేత తప్పు చేసి నిజము ఒప్పుకొన్న బిడ్డను కొట్టకూడదని నియమము పెట్టారు. ఒకే తప్పుకు రెండవసారి దండన లేదు, తరువాత దెప్పిపొడవడమూ లేదు. ఒకరి వస్తువు, గుండుసూది అంత చిన్నదైనా సరే, అడగకుండ మరొకరు తీసుకోకూడదు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి. పదిమంది ఉన్న ఇంటిలో ఈ చివరి రెండు లేకపోతే రోజూ పోట్లాటే.

ఇంకొక కట్టడ ఆడపిల్లలను గూర్చినది. చదవడము పూర్తిగా వచ్చేదాక ఏ ఆడపిల్లకూ కుట్టుపని నేర్పకూడదు. నలుగురూ వినదగినట్లు చదవగల స్త్రీలు అరుదుగా ఉండడానికి కారణము అక్షరముల కంటె ముందు సూది చేతికివ్వడమేనని ఆమె అభిప్రాయము. ఆ కాలములో ఇది వ్రాసిన తల్లి మూడు వందల యేండ్ల తరువాతి మన ఇండ్లను చూస్తే ఏమనేదో. పుస్తకము ముందు పెట్టుకొన్న అబ్బాయిని ఎవరూ కదిలించరు. అదే అమ్మాయైతే పొయ్యిమీద పాలు చూడమని మూడుసార్లు కేక వేస్తాము.

అయితే అదే ఉత్తరములో ఏడాది బిడ్డకే బెత్తమంటే భయము నేర్పి, ఏడ్చినా మెల్లగా ఏడ్వడము నేర్పానని ఉన్నది. బిడ్డ స్వంత చిత్తమును మొదటే జయించాలని ఆమె గట్టిగా నమ్మారు. ఈ భాగము అనుసరించమని నేను చెప్పను. ఎఫెసీయులకు 6:4, కొలస్సయులకు 3:21 తండ్రుల చేతులను పట్టుకొనే వాక్యములు. ఆమె మంచి తల్లి కావడము వలన ఆ కాలపు ప్రతి అలవాటూ మంచిది కాదు.

1709 ఫిబ్రవరి 9 రాత్రి పాదిరి బంగళా కాలిపోయింది. అయిదేండ్ల జాన్ పైగదిలో చిక్కుకొంటే మనుష్యులు ఒకరి భుజములమీద ఒకరు నిలబడి కిటికీలోనుండి తీశారు. తరువాత జీవితమంతా జెకర్యా 3:2లోని కొరవితో అతడు తన్ను పోల్చుకొనేవాడు. సూసన్నమ్మగారికి ఆ మంట కంటె తరువాతి నెలలే ఎక్కువ నష్టము తెచ్చినవి. కొత్త ఇల్లు కట్టేదాక పిల్లలను తలా ఒక ఇంట ఉంచవలసి వచ్చింది. తిరిగి కూడుకొనేసరికి వారి మాట మారింది, మర్యాద మారింది, ఆదివారము మీద గౌరవము తగ్గింది, వీధి పాటలు నేర్చుకొన్నారు. ఇన్నేండ్ల పని కొద్ది నెలలలో కరిగిపోయింది. ఊరు విడిచి వచ్చిన కుటుంబములకు ఈ అనుభవము తెలుసు.

అప్పుడు ఆమె రెండు కొత్త ఏర్పాట్లు చేశారు. బడి మొదలులోను ముగింపులోను కీర్తన పాడాలి. సాయంత్రము అయిదింటికి అందరికంటె పెద్దపిల్ల మాటలు వచ్చిన అందరికంటె చిన్నబిడ్డను తీసుకొని, రెండవది దాని తరువాతి దానిని తీసుకొని, ఇలా జతలు జతలుగా విడిపోయి ఆనాటి కీర్తనలు, క్రొత్త నిబంధనలో ఒక అధ్యాయము చదివి వినిపించాలి. ఉదయము ఇలాగే పాత నిబంధన. ఒక్క తల్లి పదిమందికి చాలదు. పెద్దపిల్లకు చెప్పే బాధ్యత ఇస్తే దానికీ పాఠము గట్టిపడుతుంది. విడిగా ఉన్న రోజులలో కుమార్తె సుకీకి విశ్వాస ప్రమాణము వివరిస్తూ ఆమె ఒక పెద్ద ఉత్తరమే వ్రాశారు.

ఇప్పుడు మనకు చాలా దగ్గర సంగతి. 1706 జూలైలో సీగెన్‌బాల్గ్, ప్లూషౌ అనే ఇద్దరు యువకులు డెన్మార్కు రాజు పంపగా తరంగంబాడిలో దిగారు. అది నేటి తమిళనాడు తీరములో ఉన్నది. తరువాతి కాలములో మద్రాసులో తెలుగు నేర్చుకొని వాక్యము తర్జుమా చేసిన బెంజమిన్ షుల్ట్జ్ కూడ ఆ మిషనువారే. ఆ మొదటి మిషనరీల వృత్తాంతము ఇంగ్లీషులో అచ్చయి ఎప్వర్తు చేరింది. పెద్దకుమార్తె ఎమిలియా దానిని తండ్రి పుస్తకములలో చూసి తల్లికి చదివి వినిపించింది. కొన్ని రోజులు సూసన్నమ్మగారికి వేరే ధ్యాస లేదు. నేను పురుషుడను కాను, బోధకుడను కాను, అయినా వారివంటి ఆసక్తి నాలో ఉంటే ఇప్పుడు చేసేదానికంటె ఎక్కువ చేయగలనుగదా, మొదట నా పిల్లలతో మొదలుపెడతాను అనుకొన్నారు. 1712 ఫిబ్రవరిలో భర్తకు వ్రాసిన ఉత్తరములో ఇదంతా ఉన్నది. మన సముద్రపు ఒడ్డున జరిగిన పని అంత దూరాన ఒక వంటగదిలో ఇలా ఫలించింది.

మొదలుపెట్టినది ఏమిటి? రోజుకు ఒక బిడ్డతో రాత్రి ఒంటరిగా మాట్లాడడము. సోమవారము మేరీ, మంగళవారము హెట్టీ, బుధవారము ఆన్, గురువారము జాన్, శుక్రవారము మార్తా, శనివారము చార్లెస్, ఆదివారము ఎమిలియా, సుకీ ఇద్దరూ. ఇది పాఠము కాదు, పరీక్ష కాదు. ఆ బిడ్డ మనసులో ఏమున్నదో వినే గంట. పదిమందిలో ఒకడుగా పెరిగే బిడ్డకు తల్లి పూర్తిగా తనదైన గంట వారానికి ఒకటి దొరికింది. దాని విలువ ఎంతో జాన్‌ను అడగాలి. 28 యేండ్ల వయసులో, ఆక్స్‌ఫర్డులో ఉపాధ్యాయుడై ఉండి, ఆ గురువారపు సాయంకాలములో కొంచెము భాగము మరల నాకు ఇవ్వగలవా, నా హృదయము సరిచేసుకొనడానికి కావాలి అని తల్లికి వ్రాశాడు.

అదే శీతకాలములో భర్త లండనులో ఉండగా, ఆదివారము సాయంకాలము పిల్లలతో, పనివారితో వంటగదిలో ఆమె చేసే ప్రార్థనకు ఇరుగుపొరుగువారు రావడము మొదలుపెట్టారు. చివరకు సుమారు రెండు వందలమంది అయ్యారు. ఉపకాపరికి ఇది నచ్చక ఫిర్యాదు వ్రాశాడు. ఆపితే బాగుంటుందని భర్త వ్రాశారు. బాగుంటుందని చెప్పవద్దు, ఆపమని స్పష్టముగా ఆజ్ఞాపించండి, అప్పుడు తీర్పు దినాన ఆ ఆత్మలకు మీరే జవాబుదారి అని ఆమె బదులు వ్రాశారు. ఆయన ఆజ్ఞాపించలేదు.

ఇంతవరకు చదివి, సరే ఇలా పెంచితే పిల్లలు తప్పకుండా మంచివారవుతారు అని ఎవరైనా అనుకొంటే, హెట్టీ సంగతి వినాలి. మెహెతబెల్ ఆమె పూర్తిపేరు. ఆ ఇంటిలో అందరికంటె చురుకైన బుద్ధి ఆమెదే. ఎనిమిదేండ్లకే గ్రీకు చదివేదని అంటారు. పద్యములు వ్రాసేది. 1725లో ఒక మనుష్యుని నమ్మి ఇల్లు విడిచి వెళ్లి, మోసపోయి గర్భవతియై తిరిగి వచ్చింది. చదువులో గాని మనసులో గాని ఆమెతో ఏమాత్రము పొసగని ఒక సీసపు గొట్టముల పనివానికి వెంటనే పెండ్లి చేసివేశారు. తండ్రి క్షమించలేదు. తల్లికి కూడ ఆమె పశ్చాత్తాపము మీద నమ్మకము కలగడము కష్టమైంది. తమ్ముడైన జాన్ 1726లో తప్పిపోయినవారికి చూపవలసిన ప్రేమను గూర్చి తండ్రి వింటుండగానే ప్రసంగించాడు. తండ్రికి కోపము వచ్చింది, ద్వారము తెరుచుకోలేదు. చనిపోతున్న పసిబిడ్డను చూస్తూ హెట్టీ వ్రాసిన పద్యము నేటికీ ఉన్నది.

మార్తా భర్త పాదిరియై ఉండి వ్యభిచారములో పడి ఆమెను విడిచి తిరిగాడు. ఎమిలియా ఏండ్ల తరబడి పిల్లలకు చదువు చెప్పి బ్రతుకుతూ, ఇంటి బీదరికము మీద చేదైన ఉత్తరములు వ్రాసింది. ఒకే కట్టడలు, ఒకే అక్షరములు, ఒకే ఆదికాండము. ఫలము ఒకేలాగు లేదు.

కనుక సామెతలు 22:6ను మనము ఎలా చదువుతున్నాము? నా అభిప్రాయము చెబుతాను. సామెత అనేది లోకములో ఎక్కువగా జరిగే తీరును చెప్పే మాట. అది చీటీల కంపెనీవారు ఇచ్చే పత్రము వంటిది కాదు. నెల నెలా కట్టాము గనుక చివరకు మొత్తము రావాలి అని దేవుని అడగలేము. బిడ్డ దారి తప్పిన ప్రతి తల్లిని పట్టుకొని నీ పెంపకములో లోపమున్నదని ఈ వాక్యముతో కొట్టేవారు మన సంఘములలో ఉన్నారు. వారు లూకా 15 చదవాలి. ఆ ఉపమానములో తండ్రి పెంపకములో ప్రభువు ఏ లోపమూ చూపలేదు, అయినా ఒక కుమారుడు వెళ్లిపోయాడు, ఇంట ఉన్నవాడు అలిగాడు. ఆ తండ్రి చేసిన ఒక్క పని ఎప్వర్తు తండ్రి చేయలేదు.

చివరి దినములు కూడ చెప్పాలి. భర్త 1735లో పోయిన తరువాత సూసన్నమ్మగారు పిల్లల ఇండ్లలో ఉండి, 1742 జూలైలో లండనులో జాన్ దగ్గర కన్నుమూశారు. ప్రాణము పోగానే దేవునికి స్తుతికీర్తన పాడమని ముందే చెప్పి ఉంచారు, మంచము చుట్టూ ఉన్న పిల్లలు అలాగే పాడారు. ఆమె సమాధి బన్‌హిల్ ఫీల్డ్స్‌లో ఉన్నది. యాత్రికుని ప్రయాణము వ్రాసిన జాన్ బన్యన్ సమాధి కూడ అక్కడే.

ఇంత పద్ధతి పాటించాలంటే లోకమును విడిచి వయసులో ఇరవై యేండ్లకు పైగా ఇవ్వాలని, అందుకు సిద్ధపడేవారు బహు కొద్దిమంది అని ఆమే వ్రాశారు. కనుక పిల్లలను బడి మాన్పించి ఇంట కూర్చోబెట్టమని ఈ పాఠము చెప్పడము లేదు. మన అవసరము వేరు. మన పిల్లలు కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ, ఇంగ్లీషు బడులలో బాగానే చదువుకొంటున్నారు. యానాము వారికి ఈ బాధ తక్కువ గాని, మిగిలిన చోట్ల తెలుగు మాట్లాడతారే గాని అమ్మమ్మ బైబిలు తెరిస్తే చదవలేరు. ఆరాధనలో పాటల పుస్తకము పట్టుకొని పెదవులు కదుపుతారు. ఆ అక్షరములు నేర్పే బడి ఇల్లు తప్ప వేరొకటి లేదు.

అది మనము భయపడేంత కష్టము కాదు. కన్నడ లిపి, తెలుగు లిపి అక్కచెల్లెండ్ర వంటివి. కన్నడము చదివే బిడ్డకు తేడా ఉన్న కొద్ది అక్షరములు చూపితే చాలు. మరాఠీ, ఒడియా చదివేవారికి క ఖ గ ఘ వరుస ముందే వచ్చు, ఆకారములే కొత్తవి. తమిళము చదివేవారికి ఒత్తుల అక్షరములు, గ జ డ ద బ లు విడిగా చెప్పాలి, కొంచెము ఎక్కువ రోజులు పడతాయి. అక్షరములు వచ్చాక సూసన్నమ్మగారి లాగే రోజుకు ఒక వచనము. ఆదికాండము మొదటి అధ్యాయములో ఒకే మాటలు మరల మరల వస్తాయి గనుక పదవ వచనము దగ్గరకు వచ్చేసరికి బిడ్డ తనంతట తాను పరుగెడుతుంది. తల్లికి తీరిక లేకపోతే అక్క చెప్పవచ్చు. తిమోతికి అవ్వ లోయి ఉన్నట్లు మన ఇండ్లలో కూడ అవ్వలున్నారు. వారు సాయంకాలము టీవీ ముందు ఒంటరిగా కూర్చొని ఉన్నారు.

గృహకూటములో మాట్లాడుకొనుటకు:

మీ ఇంటిలో ఎవరెవరు తెలుగు బైబిలు తడబడకుండ చదవగలరు? పేరు పేరునా చెప్పండి. చదవలేనివారికి నేర్పగలవారు ఆ ఇంటిలోనే ఎవరున్నారు?

మీ పిల్లలలో ఒక్కొక్కరితో ఒంటరిగా అరగంట మాట్లాడి ఎన్నాళ్లయినది? వారములో ఏ సాయంకాలము ఎవరిదో ఈ రాత్రి నిర్ణయించగలరా?

మన సంఘములో హెట్టీ వంటి కుమార్తె తిరిగి వస్తే మొదట ఎదురు వెళ్లేది ఎవరు?